శుక్రవారం దిగి ఆదివారం ఎక్కేస్తే కాశీ అవుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి శుక్రవారం మధ్యాహ్నం విమానంలో కాశీ చేరతారు, ఆదివారం సాయంత్రం ఆరున్నరకి తిరుగు విమానం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి షుగర్. నాన్నగారు వాళ్ళ అమ్మానాన్నలకి పిండప్రదానం చెయ్యాలంటున్నారు. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కాబట్టి ప్రయాగ, గయ కూడా చూసేసి రావచ్చా, గది ఎక్కడ తీసుకోవాలి, దర్శనానికి టికెట్ కొనుక్కోవాలా, సారనాథ్ కుదురుతుందా.

కాశీ ఒక్కటే అయితే హాయిగా అవుతుంది. ప్రయాగ, గయ ఈసారికి వదిలేయండి. మిగతాదంతా రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: గది ఎక్కడ తీసుకున్నారు, విశ్వనాథుడి గుడికి ఎన్నింటికి వెళ్ళారు. ఈ రెండూ కుదిరితే మిగిలిన గుళ్ళూ ఘాట్లూ వాటంతట అవే సర్దుకుంటాయి, ఇవి కుదరకపోతే ఎంత పెద్ద లిస్టు రాసుకెళ్ళినా అది జేబులోనే ఉండిపోతుంది.

మాది రాజమండ్రి. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళని చిన్న చిన్న బృందాలుగా కాశీ తీసుకెళ్ళడం ఏళ్ళ తరబడి చేస్తున్నాను. కాబట్టి ఇదంతా మోకాళ్ళకి బెల్టులు, సంచిలో మాత్రల డబ్బా, పొద్దున్నే కాఫీ పడకపోతే చిరాకు ఉన్నవాళ్ళ లెక్కలో రాస్తున్నది. పాతికేళ్ళ కుర్రాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఇందులో సగం పట్టించుకోనక్కర్లేదు.

ముందు ఆ మూడు ఊళ్ళ సంగతి తేల్చేద్దాం. కాశీ నుంచి ప్రయాగ సుమారు 125 కిలోమీటర్లు, గయ 250 దాకా ఉంటుంది, అదీ ఒకటి పడమరకి, ఇంకోటి తూర్పుకి. మ్యాప్‌లో గయకి ఐదు గంటలని చూపిస్తుంది, మధ్యలో టీకి ఆగి, లారీల వెనకాల నిలబడి, ఊళ్ళోకి వెళ్ళేసరికి ఆరున్నా ఆశ్చర్యం లేదు. అక్కడ ఫల్గు నది, విష్ణుపాదం, అక్షయవటం దగ్గర శ్రాద్ధం శాస్త్రోక్తంగా చేస్తే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాటుతుంది. ప్రయాగలో సంగమం దాకా పడవలో వెళ్ళి స్నానం చేసి రావడానికి, కాశీ నుంచి పోను రాను కలిపితే ఒక రోజు పోయినట్టే. మా బృందంలో ఒక కుటుంబం నేను వద్దంటున్నా వినకుండా కారు మాట్లాడుకుని ఒకే రోజులో గయ వెళ్ళి వచ్చారు. పెద్దాయన రాత్రి పదకొండింటికి కారు దిగి, కాళ్ళు వాచిపోయి, మర్నాడు విశ్వనాథుడి దర్శనానికి లేవలేకపోయారు. కాశీ వెళ్ళి విశ్వనాథుణ్ణి చూడకుండా వచ్చారన్న మాట. ఇంకో రెండు మూడు రోజులు సెలవు దొరికినప్పుడు గయ విడిగా పెట్టుకోండి. కాశీలో పిండాలు పెట్టినా అది తీర్థశ్రాద్ధమే, అది తక్కువేం కాదు.

అన్నట్టు, కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలి, లేకపోతే యాత్ర ఫలం దక్కదు అని మీ ఇంట్లో ఎవరో అన్నారని రాశారు. తొమ్మిది నెలల గర్భవాసానికి బదులుగా తొమ్మిది రోజులు ఉండటం అన్నది మనవాళ్ళలో బలంగా ఉన్న నమ్మకం, వీలున్నవాళ్ళు ఉంటారు, మంచిదే. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి పల్లకీల్లో బయల్దేరి ఇంటికి తిరిగొచ్చేసరికి ఏడాది దాటింది. ఆ రోజుల్లో కాశీకి పోయినవాడు కాటికి పోయినట్టే అనేవాళ్ళు. ఇప్పుడు రెండు గంటల్లో విమానం దింపేస్తోంది. సెలవు దొరికినంతే ఉంటాం, ఆ విషయంలో అమ్మని టెన్షన్ పడొద్దని చెప్పండి.

గది. నా సలహా ఒక్కటే, కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ, ఈ చుట్టుపక్కల తీసుకోండి. విశ్వనాథుడి గుడికి ఆనుకునే ఉండాలని అందరూ అనుకుంటారు గానీ, గోదౌలియా కూడలి చుట్టూ సాయంత్రం బ్యారికేడ్లు పెడితే ఆటో కూడా రాదు, ఉన్న ఒక్క దారిలో జనం, ఎద్దులు, బైకులు. కేదార్ ఘాట్ వైపు అయితే కాస్త ఊపిరాడుతుంది, దశాశ్వమేధ ఘాట్‌కి ఒడ్డు వెంబడి పావుగంట నడక, పడవలో అయితే ఇంకా సులువు. పైగా అది తరతరాలుగా మనవాళ్ళు ఉండే పేట. మానససరోవర్ ఘాట్ మీద శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది, తెలుగు పురోహితులు దొరుకుతారు, మధ్యాహ్నం మన భోజనం పెడతారు, సందుల్లో తెలుగులో రాసిన బోర్డులు కనిపిస్తాయి, పడవవాళ్ళు కూడా “రండి అమ్మా, పడవ కావాలా” అని తెలుగులోనే పిలుస్తారు. కరివేన సత్రం, శైవ మఠాలు, ఆర్యవైశ్యుల సత్రాలు కూడా ఊళ్ళో ఉన్నాయి. జంగంవాడీ మఠం గోదౌలియాకి దగ్గరే.

సత్రం అయితే ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి, అందరి ఆధార్ కార్డులూ ఉండాలి. మీరు ముగ్గురు కాబట్టి ఇబ్బంది లేదు గానీ, ఒంటరిగా వచ్చేవాళ్ళకి చాలా సత్రాల్లో గది ఇవ్వరు, ఇది తెలియక వచ్చి గేటు దగ్గర గొడవపడేవాళ్ళని చూశాను. కార్తీక మాసంలో, శివరాత్రికి నెలల ముందే నిండిపోతాయి.

హోటల్ తీసుకుంటే బుక్ చేసేముందు వాళ్ళకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఆటో దిగాక ఎంత దూరం నడవాలి? గది ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా? బాత్రూంలో వెస్టర్న్ కమోడ్ ఉందా? ఫోటోలో గంగ కనిపిస్తుంది, బావుంటుంది, కానీ ఆ గంగ కనిపించాలంటే నాలుగో అంతస్తులో ఉండాలి, ఆ మెట్లు పాతకాలం ఇళ్ళలో ఉండే మెట్లు, ఒక్కోటి అడుగు ఎత్తు, పక్కన పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ ఉండదు. మీ అమ్మగారికి గంగ కనిపించే గది కన్నా రోడ్డుకి దగ్గరగా కింద ఉన్న గది ముఖ్యం.

ఇక దర్శనం. ఎప్పుడో చిన్నప్పుడు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే ఇరుకు సందులు ఇప్పుడు లేవు. 2021 డిసెంబరులో కొత్త కారిడార్ తెరిచాక గుడి చుట్టూ పెద్ద ప్రాంగణం, లలితా ఘాట్ నుంచి నేరుగా గుడిలోకి వెళ్ళే గంగాద్వారం వచ్చాయి. ప్రాంగణం పెరిగింది గానీ గుడి అదే చిన్న గుడి, 1780లో ఇండోర్ రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది, మీద ఉన్న బంగారు రేకులు తర్వాత పంజాబు మహారాజు రంజిత్‌సింగ్ ఇచ్చినవి. కారిడార్ వచ్చాక జనం ఎన్నో రెట్లు పెరిగారు, ఆ జనమంతా వెళ్ళాల్సింది ఆ చిన్న గర్భగుడి తలుపుల దగ్గరికే. అందుకే చెబుతున్నాను, తెల్లవారుజామున నాలుగింటికి లైన్లో ఉండండి. మూడు, నాలుగు మధ్య మంగళహారతి జరుగుతుంది, దానికి విడిగా టికెట్ ఉంటుంది, అది అయిపోగానే మామూలు దర్శనం మొదలవుతుంది. మామూలు రోజుల్లో ఆ వేళకి వెళ్తే టికెట్ లేకుండానే త్వరగా అయిపోతుంది. అదే పొద్దున తొమ్మిదికి వెళ్తే మూడు గంటలు నిలబడినవాళ్ళూ ఉన్నారు.

సుగమ దర్శనం టికెట్, అంటే డబ్బు కట్టి తక్కువ లైనులో వెళ్ళే టికెట్ గురించి అడిగారు. అమ్మకి మోకాళ్ళు బాగాలేవు కాబట్టి కొనుక్కోండి, తప్పేం లేదు, గుడి సొంత వెబ్‌సైట్లో మాత్రమే కొనండి. రోడ్డు మీద “వీఐపీ దర్శనం చేయిస్తాను, నాకు లోపల తెలుసు” అని వెంటపడేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. శివరాత్రి, శ్రావణ సోమవారాలు లాంటి రద్దీ రోజుల్లో ఆ టికెట్లే ఆపేస్తుంటారు, అప్పుడు అందరికీ ఒకటే లైను. వీల్‌చైర్ కావాలంటే గేటు దగ్గర హెల్ప్ డెస్క్‌లో అడగండి.

ఫోను, స్మార్ట్ వాచీ, బ్యాగు లోపలికి రానివ్వరు. గదిలోనే పెట్టేసి వెళ్ళడం అన్నిటికన్నా మేలు, దానికి ముందు ముగ్గురూ విడిపోతే ఎక్కడ కలవాలో అనుకోండి. ఎందుకంటే లోపల ఫోన్ ఉండదు, గేట్లు నాలుగైదు ఉన్నాయి, ఒక గేటులో వెళ్ళి ఇంకో గేటులో తేలతారు, అప్పుడు పెద్దవాళ్ళు కంగారు పడిపోతారు. మా బృందంలో అయితే అందరి జేబులోనూ నా నంబరు, సత్రం పేరు హిందీలో రాసిన చీటీ ఉంటుంది. గేటు బయట కొట్లవాళ్ళు “ఫోన్లు ఇక్కడ పెట్టుకోండి, ఫ్రీ లాకర్” అని పిలుస్తారు. లాకర్ ఫ్రీయే, కానీ దాంతోపాటు పూలు, బిల్వపత్రం, చిన్న గ్లాసు పాలు, స్వీటు డబ్బా ఉన్న పళ్ళెం చేతిలో పెడతారు, తిరిగొచ్చాక దాని ఖరీదు వింటే గుండె ఆగుతుంది. ఒకావిడ దగ్గర అలా రెండు పళ్ళేలకి వెయ్యి పైనే తీసుకున్నారు. గుడివాళ్ళ లాకర్లు లోపలే ఉన్నాయి. పూలు, బిల్వదళాలు కావాలంటే ముందే ధర అడిగి కొనుక్కోండి.

లోపలికి వెళ్ళాక ఒక్క మాట గుర్తుంచుకోండి. లింగం మన కళ్ళ ఎత్తులో ఉండదు. గర్భగుడిలో నేల మట్టానికి, వెండి తాపడం చేసిన చదరపు తొట్టిలాంటి పానవట్టంలో ఉంటుంది. తలుపు దగ్గర మీకు దక్కేది కొన్ని సెకన్లు, వెనక నుంచి తోపు, ముందు పోలీసు చెయ్యి. చాలామంది ఎదురుగా గోడ వైపు చూసి, దండం పెట్టుకుని, బయటికి వచ్చాక “ఇంతకీ స్వామి ఎక్కడ?” అని అడుగుతారు. గడప దగ్గరికి రాగానే తల వంచి కిందికి చూడండి. స్పర్శ దర్శనం, అంటే లింగాన్ని ముట్టుకునే అవకాశం, ఉన్న రోజుల్లో కూడా కొంతసేపే ఉంటుంది, ఆ వేళలు మారుతుంటాయి, ముందురోజు సాయంత్రం సత్రంలో అడిగితే చెబుతారు. దొరికితే అదృష్టం, లేకపోతే గడప దగ్గర పెట్టిన గొట్టంలో నీళ్ళో పాలో పోస్తే స్వామి మీద పడతాయి. అక్కడి నుంచి అన్నపూర్ణమ్మ, ఢుంఢి గణపతి అడుగు దూరంలోనే ఉంటారు. విశాలాక్షి గుడి మీర్ ఘాట్ వైపు సందులో ఉంది, గోపురం చూడగానే మన దక్షిణాది గుడి అని తెలిసిపోతుంది, తమిళ చెట్టియార్లు బాగు చేయించిన గుడి. ఆ చెట్టియార్ల సత్రం నుంచే రోజూ అభిషేకం సామగ్రి “శంభో, శంభో” అనుకుంటూ విశ్వనాథుడికి మోసుకెళ్తారు, గోదౌలియా దగ్గర ఆ కేక వినిపిస్తే పక్కకి తప్పుకుని ఒక్క నిమిషం చూడండి.

మొదట కాలభైరవుణ్ణి చూడాలా, విశ్వనాథుణ్ణి చూడాలా అన్న చర్చ ప్రతి బృందంలోనూ వస్తుంది. కాలభైరవుడు ఈ ఊరికి కొత్వాలు, అంటే ఊరి కాపలాదారు, ఆయన అనుమతి ముందు తీసుకోవాలని కొందరు, చివర చెప్పుకుని బయల్దేరాలని కొందరు. రెండు రోజుల్లో ఎప్పుడు వీలైతే అప్పుడు వెళ్ళండి. ఆదివారం, మంగళవారం మాత్రం తప్పించండి, ఆ రోజుల్లో ఆయన గుడి సందు కిక్కిరిసి ఉంటుంది.

మీ టైము ప్రకారం నేనైతే ఇలా చేస్తాను.

శుక్రవారం బాబత్‌పూర్ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పాతిక కిలోమీటర్లే గానీ గంటన్నర వేసుకోండి. గదిలో దిగి, కాస్త నడుం వాల్చి, ఐదింటికి కేదార్ ఘాట్ దగ్గరే పడవ మాట్లాడుకోండి. గంగా హారతి దశాశ్వమేధ ఘాట్‌లో, చలికాలం ఆరు ఆరున్నరకి, ఎండాకాలం ఏడింటికి మొదలవుతుంది. మెట్ల మీద కూర్చోవాలంటే గంటన్నర ముందు వెళ్ళి రాతి మీద కదలకుండా కూర్చోవాలి, మోకాళ్ళు పట్టేస్తాయి, పైగా హారతి ఇచ్చేది గంగకి కాబట్టి పూజారులు నది వైపు తిరిగి ఉంటారు, మెట్ల మీద వెనక కూర్చున్నవాళ్ళకి వాళ్ళ వీపులే కనిపిస్తాయి. పడవలో అయితే ఎదురుగా చూడొచ్చు. బేరం ఆడేటప్పుడు ఆ ధర మనిషికా, పడవ మొత్తానికా అన్నది తేల్చుకోండి, తిరిగి ఎక్కిన ఘాట్‌లోనే దింపాలని కూడా చెప్పండి. అమ్మని ఎక్కించేటప్పుడు పడవని మెట్టుకి ఆనించి తాడు కట్టమనండి, ఇద్దరు చెయ్యి పట్టుకోవాలి, పడవ అంచు మీద కాలు పెట్టనివ్వకండి. అదే పూట ఇంకేమీ పెట్టుకోకుండా తొమ్మిదింటికల్లా పడుకోండి.

శనివారం మూడింటికి లేచి నాలుగింటికి దర్శనం. ఏడు లోపల గదికి వచ్చేస్తారు. అప్పుడు గంగాస్నానం, తొమ్మిదింటికి పిండప్రదానం. ఇక్కడ నాన్నగారి షుగర్ గురించి జాగ్రత్త. కర్మ అయ్యేదాకా భోజనం చెయ్యకూడదు, మధ్యాహ్నం పన్నెండు దాటొచ్చు. మూడింటికి లేచిన మనిషి అప్పటిదాకా ఖాళీ కడుపుతో ఉంటే కళ్ళు తిరుగుతాయి. పురోహితుడికి ముందురోజే చెప్పండి, పాలో పండో తీసుకోవచ్చని వాళ్ళే చెబుతారు, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్ని అడిగి బయల్దేరండి.

పురోహితుణ్ణి ఇంటి దగ్గర ఉండగానే ఫోన్లో మాట్లాడుకోండి, ఆశ్రమం ద్వారా అయితే భాష సమస్య ఉండదు. సంభావన ఎంత, సామగ్రి అందులో కలిసిందా లేదా, దానాలు విడిగా ఉంటాయా, ముందే అడిగేస్తే అక్కడ కూర్చున్నాక మొహమాటం ఉండదు. ఒక కాగితం మీద గోత్రం, అటు తండ్రి, తాత, ముత్తాత పేర్లు, వాళ్ళ భార్యల పేర్లు, అమ్మమ్మ తాతయ్యల వైపు మూడు తరాలు రాసుకుని తీసుకెళ్ళండి. ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. పురోహితుడు “ముత్తాత గారి పేరు” అనగానే పెద్దపెద్దవాళ్ళు కూడా బిక్కమొహం వేసి ఊళ్ళో మేనత్తకి ఫోన్ చేస్తుంటారు, ఆవిడ ఎత్తదు. ఆ పేర్ల కింద బాబాయిలు, మేనత్తలు, మేనమామలు, పోయిన స్నేహితులు, గురువులు, ఇంట్లో పెంచుకున్న కుక్క పేరు దాకా రాసుకొచ్చినవాళ్ళున్నారు. తీర్థశ్రాద్ధంలో బంధువులు కానివాళ్ళకి కూడా పిండం ఉంటుంది, అది ఆ ప్రక్రియలోనే ఉంది. తిథి వార నక్షత్రాలు చూడక్కర్లేదు, క్షేత్రానికి వెళ్ళిన రోజే తిథి. గుండు చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇంటి ఆచారం, పురోహితుణ్ణి అడగండి.

స్నానం కేదార్, మానససరోవర్ ఘాట్లలో చెయ్యండి, జనం తక్కువ. నీళ్ళలో ఉన్న మెట్ల మీద పాచి ఉంటుంది, కనబడదు, కాలు పెడితే జర్రున జారుతుంది. ఇనుప గొలుసో, పక్కనున్న మనిషి చెయ్యో పట్టుకుని మూడు మెట్లు దిగితే చాలు, మూడు మునకలు అక్కడే వేయొచ్చు. నాలుగో మెట్టు ఎక్కడ ఉందో నీళ్ళు తగ్గితే తప్ప ఎవరికీ తెలియదు. అమ్మగారికి దిగడం కష్టమైతే మెట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో నెత్తిన పోయండి, గంగ గంగే.

మధ్యాహ్నం భోజనం అయ్యాక గట్టిగా నిద్రపోండి. సాయంత్రం ఐదింటికి ఈ-రిక్షాలో మైదాగిన్ వైపు నుంచి కాలభైరవుడి గుడికి. గోదౌలియా మీదుగా నడిపిస్తామంటే ఒప్పుకోవద్దు. అక్కడే నల్ల కాశీదారాలు కొనుక్కోండి, ఊళ్ళో అందరికీ కావాలి కదా.

ఆదివారం తెల్లవారుజామున నది. నాకు కాశీ అంటే ఈ గంటన్నరే. గంగ ఇక్కడ ఉత్తరంగా పారుతుంది, ఘాట్లన్నీ పడమటి ఒడ్డున తూర్పు మొహంగా ఉన్నాయి, అవతల ఒడ్డున ఇసుక తప్ప ఊరు లేదు కాబట్టి సూర్యుడు ఆ ఇసుక మీంచి లేచి ఒక్కసారిగా ఊరంతటి మొహం మీద పడతాడు. మోటారు పడవ కాకుండా తెడ్లేసేది తీసుకోండి, మోటారు చప్పుడులో ఏమీ వినిపించదు. కేదార్ దగ్గర ఎక్కి ఉత్తరంగా పంచగంగా ఘాట్ దాకా వెళ్ళి వెనక్కి రండి. మధ్యలో మణికర్ణిక వస్తుంది. చితులు కాలుతుంటాయి, ఫోన్ తియ్యకండి, పడవవాడే చెబుతాడు వద్దని. దానికి కొంచెం అవతల నీళ్ళలోకి ఒరిగిన చిన్న గుడి కనిపిస్తుంది, అది రత్నేశ్వరుడు. పంచగంగా ఘాట్ మెట్లు మహా నిటారు, అమ్మని పడవలోనే కూర్చోబెట్టి మీరూ నాన్నా ఓపిక ఉంటే పైకి ఎక్కండి. త్రైలింగస్వామి మఠం అక్కడ ఉంది. ఆయన మన విజయనగరం వైపు నుంచి వచ్చిన యోగి, ఏళ్ళకేళ్ళు కాశీలోనే గడిపి 1887లో అక్కడే సిద్ధి పొందారు. కాశీలో ఎవర్ని అడిగినా ఆయన పేరు చెబుతారు, మనవాళ్ళలో మాత్రం చాలామందికి తెలియదు.

పడవ దిగాక కేదారేశ్వరుడు. ఘాట్ వైపు నుంచి అయితే బోలెడు మెట్లు, పై సందులోంచి అయితే గుడి వాకిలి నేల మట్టానికే ఉంటుంది, ఆటో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. అమ్మని అలా తీసుకెళ్ళండి.

సారనాథ్ విడిగా పెట్టుకోకండి. ఆదివారం పదకొండింటికల్లా గది ఖాళీ చేసి, సామాన్లు కారులో వేసుకుని, సారనాథ్ మీదుగా విమానాశ్రయానికి వెళ్ళండి, కొంచెం చుట్టు అవుతుంది గానీ రెండోసారి ఊళ్ళోకి రానక్కర్లేదు. ధమేక్ స్తూపం చుట్టూ పచ్చిక, చదునైన దారి, మోకాళ్ళకి పని లేదు. మన జాతీయ చిహ్నంలో ఉన్న నాలుగు సింహాల అశోక స్తంభ శిఖరం అక్కడి మ్యూజియంలోనే ఉంది, శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచి ఉంటుంది. బిర్లా మందిర్, సంకటమోచన్, తులసీ మానస మందిరం, రామ్‌నగర్ కోట, ఇవన్నీ లిస్టులో రాశారు, ఈసారికి కుదరవు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మధ్యాహ్నం ఆశ్రమంలోనో, అన్నపూర్ణ అన్నదానంలోనో మన భోజనం చెయ్యండి. వ్యాసుడికే అన్నం పెట్టిన తల్లి ఊరు, తిండికి లోటుండదు. పొద్దున కచోరీ, కూర, జిలేబీ మీరు తినండి, నాన్నగారికి కచోరీ ఒక్కటి చాలు. చలికాలం వెళ్తే మలయ్యో అని పాల నురుగు మట్టి ముంతల్లో అమ్ముతారు, పొద్దున్నే తప్ప దొరకదు. పట్టుచీరల కొట్టుకి ఆటోవాడు తీసుకెళ్తానంటే వెళ్ళకండి, ఆ కమీషన్ మీ చీర మీదే పడుతుంది.

కాశీలో ఏదో ఒక కూర, పండు వదలాలి కదా, అమ్మ ఏది వదలాలని అడిగారు. ఇష్టమైనది వదలడం ఆచారం. మా బృందాల్లో ఎక్కువమంది కాకరకాయ వదులుతారు, వాళ్ళింట్లో కాకరకాయ ఎప్పుడు వండారో అడిగితే నవ్వుతారు. గంగ నీళ్ళ విషయంలో రెండు మాటలున్నాయి. కాశీ నుంచి నీళ్ళు, మట్టి తేకూడదు, ప్రయాగ నుంచే తేవాలి అని పెద్దలు అంటారు, కాశీ అంటే పురుగుకి కూడా ముక్తి ఉన్న ఊరు కాబట్టి దాన్ని మనం తీసుకొచ్చేస్తే ఎలా అని. మూత అతికిన రాగి కాశీచెంబులు మాత్రం కొట్లలో దొరుకుతాయి, సమారాధనకి చాలామంది అవే తెస్తారు. మీ ఇంటి పెద్దవాళ్ళని అడిగి నిర్ణయించుకోండి, తెస్తే చెక్-ఇన్ సామాన్లో పెట్టండి.

ఏ నెలలో వెళ్తున్నారో మీరు రాయలేదు, అదే అసలైన ప్రశ్న. డిసెంబరు చివర, జనవరిలో అయితే పొగమంచుకి విమానాలు గంటల తరబడి ఆలస్యం అవుతాయి, రద్దు కూడా అవుతాయి, అప్పుడు మీ రెండు రోజులు ఒకటిన్నర అవుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా గంగ పొంగితే పడవలు ఆపేస్తారు, మెట్లు మునిగిపోతాయి, హారతి ఇళ్ళ పైకప్పుల మీద ఇస్తారు. నీళ్ళు తీసిన కొత్తలో మెట్ల మీద మోకాలి లోతు బురద, గొట్టాలతో కడుగుతూ ఉంటారు. మే, జూన్లలో ఎండ 45 దాకా పోతుంది. కార్తీక పౌర్ణమి దేవ దీపావళికి చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు, కానీ మోకాళ్ళ నొప్పులవాళ్ళతో వద్దు. శివరాత్రి అయిపోయిన వారం నుంచి మార్చి చివరి దాకా, లేదా దేవ దీపావళి దాటాక నవంబరు చివరి వారం, ఈ రెండిట్లో ఏదైనా దొరికితే కళ్ళు మూసుకుని టికెట్ కొనేయండి. ఇప్పటికే కొనేసి ఉంటే తారీఖు ఇక్కడ రాయండి, దాన్ని బట్టి పైన రాసిన వేళల్లో ఏం మార్చాలో చెబుతాను.